గోడమీది మొహాలు

మిల్లు పక్క కాలనీ,
మా వంటగది బల్ల

ప్రొఫెసరక్కకి,

మీ సంస్థ పంపిన సర్వేయరు తల పగిలింది, మా గేటు ముందే. మీ ఆఫీసు కాగితాల్లో దీన్ని "స్వల్ప ఘర్షణ" అని రాసుకుంటారని తెలుసు. స్వల్పం ఎలా ఉంటుందో చెబుదామని రాస్తున్నాను.

మూతపడ్డ దారం మిల్లు స్థలంలో మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు పాపం. మా వీధి హార్డ్‌వేర్ షాపాయన వెళ్లి, "ఏంట్రా కొలుస్తున్నావ్?" అన్నాడు.

"స్థలం సార్. ఇళ్లు కడతారంట కదా."

"ఎవరికి? మాకా?"

"మీకెందుకు సార్, మీకున్నాయిగా!" అని ఇతగాడు నవ్వాడు.

ఆ నవ్వే కొంప ముంచింది. రాయి ఎవరు విసిరారో నేను చూడలేదు. తగిలిన చప్పుడు మాత్రం విన్నాను, తడిగుడ్డ బండకేసి కొట్టినట్టు. మనిషి తల పట్టుకుని మా గేటు దాకా వచ్చాడు. వేళ్ల సందుల్లోంచి కారుతోంది. తువ్వాలు ఇచ్చాను. తర్వాత గేటు కడిగాను కానీ గడియ గాడిలోకి దిగింది మాత్రం పోవడం లేదు. బ్రష్షు పట్టదు అందులో.

సాయంత్రం మీ మరిదిగారు వచ్చి, "తువ్వాలు ఎందుకిచ్చావ్?" అని అడిగారు. మందుల షాపు నడిపే మనిషి! "దూది లేక," అన్నాను. కాలనీ సంఘం సెక్రటరీగారి పెళ్లాం అవతలి పార్టీకి తువ్వాలు ఇవ్వకూడదట.

ఇంకో సంగతి. అత్తయ్య వీపు మీది పుండు కడగడానికి రోజూ వచ్చే సిస్టరమ్మ నిన్న అడిగింది. "నిజంగా కడతారా అమ్మా? మీ అక్కగారు ఆ ఆఫీసేనంట కదా. రెండు బస్సులు మారి వస్తున్నాను. వెళ్లేసరికి పిల్ల నిద్రపోతోంది, అది లేచేసరికి నేనుండను. నన్ను 'ఆదివారం మనిషి' అంటోంది." మొదటి జాబితాలో ఆవిడ పేరుందట. ఏం చెప్పను?

ఫోన్ చెయ్యకు. ఫోన్లో రెండో మాటకే కొట్టుకుంటాం, పైగా ఈయన స్పీకరు పెట్టమంటారు. ఉత్తరమైతే నువ్వు చెప్పేది చివరిదాకా వినక తప్పదు నాకు. నీకూ అంతే.

చెల్లి


హెడ్డాఫీసు, నాలుగో అంతస్తు,
కిటికీ పక్క సీటు

చిన్నీ,

"స్వల్ప ఘర్షణ" అనే రాశారు. నువ్వు రాసింది చదివాక ఆ రెండు మాటలూ కొట్టేసి మళ్లీ రాద్దామని కూర్చున్నాను. "తీవ్ర" అని రాస్తే పై వాళ్లు ప్రాజెక్టు ఆపేస్తారు. ఆపితే రాయి విసిరినవాడు గెలిచినట్టు. కొట్టెయ్యలేదు. సరైన పనేనా? తెలియదు. ఈ మధ్య ఏ పని చేసినా చివర ఈ ప్రశ్న ఒకటి తగులుకుంటోంది.

సిస్టరమ్మకి ఉన్నమాట చెప్పు. డబ్బు సిద్ధం, ప్లాను సిద్ధం. ఆసుపత్రిలో, బస్సుల్లో, బళ్లలో, మీ ఊరి వీధుల్లో పనిచేసేవాళ్లకి, వాళ్ల జీతం భరించే అద్దెలో ఇళ్లు. ఒక్కటే మిగిలింది. మునిసిపాలిటీ ప్రజాభిప్రాయ సభ పెడుతుంది. ఇంటికి ఒక చెయ్యి లెక్క. మీ కాలనీలో సగానికి పైగా ఇళ్లు చేతులెత్తితేనే స్థలం మా చేతికి వస్తుంది. అంటే ఆవిడ ఇల్లు మీ వీధివాళ్ల మోచేతుల్లో ఉంది.

ఆ చేతులు ఎత్తించడమే నా ఉద్యోగం. నవ్వుకో. ఇంట్లో ఒక్కళ్లని కూడా దేనికీ ఒప్పించలేకపోయిన దాన్ని, ఊళ్లని ఒప్పించే మాటలు రాసి జీతం తీసుకుంటున్నాను.

ఇన్నాళ్లూ కరపత్రాల నిండా లెక్కలు వేశాం. లెక్కలు చూస్తే జనానికి గుంపు కనిపిస్తుంది, గుంపంటే భయం. ఈసారి అంకెలు వద్దు, మొహాలు కావాలన్నాను. ఎవరో మొహాలు కాదు, మీ కాలనీ రోజూ చూసేవి. సిస్టరమ్మ. మీ రూటు బస్సు నడిపే ఆయన, పిల్లలు పీపీ బాబాయి అంటారని రాశావే, ఆయన. మిల్లు గోడ మీద పెద్ద పోస్టర్లు. కింద ఒకే మాట: "రోజూ చూసే మనుషులే. ఇకపై పక్కింటివాళ్లు." డైరెక్టరు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. వాళ్లిద్దరూ ఒప్పుకున్నారు, సంతకాలు వచ్చాయి.

అంతకుముందు ఒక మీటింగు కావాలి, కాలనీలోనే ఎవరింట్లోనైనా. మీ హాల్లో పెట్టగలవా? మరిది ఏమంటాడో అన్నది నీకే తెలియాలి. వద్దనుకుంటే వద్దు. కానీ పెట్టు.

అక్క


మిల్లు పక్క కాలనీ,
అత్తయ్య మంచం పక్కన

అక్కా,

"వద్దనుకుంటే వద్దు, కానీ పెట్టు." ఈ వాక్యానికి నీకు డాక్టరేట్ ఇవ్వాలి.

పెట్టాను. మీ మరిదిగారు వద్దనలేదు. సెక్రటరీ ఇంట్లోనే జరిగితే సెక్రటరీ అదుపులో ఉంటుందనుకున్నారు. మూలన చేతులు కట్టుకుని కూర్చున్నారు. సగం కాలనీ వచ్చింది, టీ అంతా తాగింది. పీపీ బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. మాట్లాడమంటే లేచి, "నేను పక్కనుంటే మీకు లాభం ఏంటంటేనండీ, బస్సు లేటవదు. డ్రైవరు నిద్ర లేవకపోతే మీరే వచ్చి తలుపు బాదొచ్చు," అన్నాడు. అందరూ నవ్వారు. హార్డ్‌వేర్ ఆయన కూడా నవ్వాడు, నేను చూశాను.

ఆడిటరుగారి భార్య అంది, "వీళ్లు మంచివాళ్లే, కాదనను. కానీ మంచివాళ్లకి చుట్టాలుంటారు కదండీ."

లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు. "నీకు లేరా తల్లీ చుట్టాలు? పోయిన వేసవిలో దిగి నా మొక్కలన్నీ తొక్కి పోయారు!"

ఆ పూట పని అయిపోయిందనే అనుకున్నాను. చేతులు లేస్తాయనుకున్నాను.

తర్వాత నీ పోస్టర్లు వచ్చాయి. సిస్టరమ్మ తన బొమ్మ ముందు నిలబడి, "ఇంత తెల్లగా చేశారేంటమ్మా, మా అమ్మాయి గుర్తుపట్టదు," అని కడుపుబ్బ నవ్వింది. మర్నాటికి ఆ బొమ్మలో కళ్లు లేవు. మేకుతో తవ్వేశారు, వెనక ఇటుక కనిపించేదాకా. ఆ వారమే మలుపు దగ్గర రాయి పడి బస్సు అద్దం బద్దలైంది. కండక్టరుగా చేసే పిల్ల చెవి తెగి వేలాడింది. పీపీ బాబాయి ఆ చెవిని రుమాలుతో అదిమిపెట్టి, ఒక చేత్తో ఆసుపత్రి దాకా నడిపాడట.

అంతటితో ఆగితే నీకు రాసేదాన్ని కాదేమో. ఆడిటరుగారింట్లో దొంగలు పడ్డారు. బీరువా పగలగొట్టారు. సాయంత్రానికి వీధంతా ఒకటే మాట. "రోజూ చూసే మనుషులే" అన్న నీ మాటనే తిప్పి, "రోజూ వచ్చి చూసి పోతోంది, ఏ ఇంట్లో ఏముందో," అంటున్నారు. ఆడిటరుగారి మామగారికి కూడా ఇంజెక్షన్లు ఈవిడే ఇచ్చేది. ఇదివరకు ఆవిడ ఎవరో, ఎటు నుంచి వస్తుందో ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు గోడంత మొహం ఉంది వేలెత్తి చూపించడానికి.

సిస్టరమ్మ నిన్న చేతులు కడుక్కుంటూ, నావైపు చూడకుండా అంది, "బొమ్మ తీయించమని మీ అక్కగారికి చెప్పండమ్మా. ఇల్లు రాకపోయినా ఫర్వాలేదు."

తీయించు. నీ ఆలోచన మంచిదే. కానీ తీయించు.

చెల్లి


హెడ్డాఫీసు

చిన్నీ,

నీ ఉత్తరం తీసుకుని డైరెక్టరు గదికి వెళ్లాను. ఆయన పూర్తిగా చదివి, "ఇప్పుడు తీసేస్తే దొంగ అని మనమే ఒప్పుకున్నట్టు," అన్నాడు. వాదిద్దామని వెళ్లిన నేను తల ఊపాను. ఎందుకంటే అది నిజం కూడా. ఆ పోస్టరు దిగిందంటే, మర్నాడు వీధిలో ఏమనుకుంటారు? "చూశావా, పీకేసుకున్నారు." ఆవిడ మీద పడ్డ మచ్చ శాశ్వతంగా ఉండిపోదూ?

ఇదంతా నా మనసుకి నేను సర్దిచెప్పుకోవడమేనా అని కూడా అనుకున్నాను. నా సంగతి నీకు తెలుసు, ప్రతిదానికీ రెండోవైపు చూసి చూసి ఏ పనీ చెయ్యను. కాలేజీలో అందరూ "ప్రొఫెసర్" అని దాన్నే వెక్కిరించేవాళ్లు. ఈ ఒక్కసారికి వెనక్కి తగ్గకుండా నిలబడదామనిపించింది.

కళ్లు తవ్విన బొమ్మ తీసి కొత్తది అంటించమని చెప్పాను. సభ ఎంతో దూరం లేదు, అందాకా ఓపిక పట్టమను. స్టేషన్‌లో ఒక కానిస్టేబుల్‌ని మలుపు దగ్గర పెట్టమని సంస్థ తరఫున రాశాం. ఆవిడకి మాత్రం ఒక మాట చెప్పు. ఇల్లు వస్తుంది. పిల్లకి ఆవిడ ఆదివారం మనిషిగా ఉండక్కర్లేదు. నాది హామీ.

అక్క


మిల్లు పక్క కాలనీ

అక్కా,

అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారుపడకు. బాత్‌రూమ్‌లో జారిపడ్డాను, కుడి మణికట్టు విరిగింది. ఎడం చేత్తో రాస్తున్నాను.

కొత్త పోస్టరు అంటించారు. కళ్లు బాగా కనిపిస్తున్నాయి.

ఇక్కడ కొంచెం గొడవైంది. సిస్టరమ్మ ఆసుపత్రిలో ఉంది. ఈసారి మంచం మీద. నువ్వు రావద్దు. వస్తానని ఫోన్ కూడా చెయ్యొద్దు.

చెల్లి


హెడ్డాఫీసు

చిన్నీ,

బాత్‌రూమ్‌లో జారిపడ్డానని నువ్వు రాస్తే నేను నమ్మాలి. అమ్మ దగ్గర కూడా ఇలాగే అబద్ధం చెప్పేదానివి, కారణం ఒకటి ఎక్కువ చేర్చి.

పేపర్లో చూశాను. లోపలి పేజీలో చిన్న ముక్క. మిల్లు కాలనీలో పట్టపగలు బస్సు డ్రైవరుని కొట్టారని, పరిస్థితి విషమమని, కొట్టినవాళ్లెవరో తెలియదని. పక్కనే ఆ రోజు ఉష్ణోగ్రత వేశారు. అది చదివి పక్క సీటు ఆవిడ, "మీ ప్రాజెక్టే కదా?" అంది. అవునన్నాను. ఏం జరిగిందో రాయి. కొంచెం అని రాయకు.

ఇంకో మాట. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. ఈ ఉదయం మీటింగులో డైరెక్టరు, "ఇలాంటప్పుడే జనం మనసు మారుతుంది," అన్నాడు. సిస్టరమ్మని కట్లతో ఒక్క ఫోటో తీసి, అదే గోడ మీద, అదే చోట పెడితే సభలో ఒక్క చెయ్యి కూడా దిగి ఉండదట. అందరూ నావైపు చూశారు, ఆ ఊళ్లో నా మనిషివి నువ్వున్నావు కదా. నిన్ను అడగమన్నారు. అడుగుతున్నాను. అడగకూడదని నాకు తెలుసు. కానీ ఇంతా జరిగాక ఇళ్లు కూడా రాకపోతే ఆ దెబ్బలన్నీ దేనికి తగిలినట్టు? ఇలా అనుకోవడం తప్పేమో. నువ్వు కాదంటే అదే మాట వెళ్లి వాళ్లకి చెప్పేస్తాను.

అక్క


మిల్లు పక్క కాలనీ,
ఎడం చేత్తో, విడతలుగా

అక్కా,

కాదు.

అడగడం కూడా నా చేతే చేయిస్తావు, కాదనడం కూడా నా చేతే చేయిస్తావు. విరిగింది ఒక్క చెయ్యే, నీకింకా ఒకటి మిగిలింది నా దగ్గర.

కొంచెం అని రాయొద్దన్నావు కదా. విను.

మధ్యాహ్నం. ఎప్పుడూ ఆ వేళకి ఇంటికి రాని మీ మరిది వచ్చారు. వెనక గుంపు. బయటివాళ్లెవరూ లేరక్కా, అందరూ మా ఇంట్లో టీ తాగినవాళ్లే. నేను గేటుకి గడియ వేసి, మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఈయన లోపలే ఉన్నారు, నా పక్కన.

"సిస్టర్ని ఒక్క నిమిషం బయటికి పంపు. అడగాల్సింది అడిగి వదిలేస్తారు."

"అడిగేవాళ్లకి గొలుసులెందుకు?"

"ఊరికే. భయపెట్టడానికి."

"మీకు భయం వేస్తోందా?" అన్నాను. ఆయన నా భుజం పట్టి పక్కకి తోసి గడియ తీశారు. ఎంత మెల్లగా తీశారో! చుట్టాలొచ్చినప్పుడు తీసినట్టు.

ఆవిడ చేతులకి తొడుగులు వేసుకుని అత్తయ్య పుండు కడుగుతోంది. జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. గడప దగ్గర నుదురు కొట్టుకుంది, ఆపలేదు. మెట్ల మీద కొట్టుకుంది, ఆపలేదు. "దొంగతనం చెయ్యలేదయ్యా, నేను చెయ్యలేదు," అంటూనే ఉంది. రోడ్డు మీద హార్డ్‌వేర్ ఆయన గొలుసు చేతికి చుట్టుకుని, "పోస్టర్లో నవ్వావు కదే, ఇప్పుడు నవ్వు," అని మొహం మీద కొట్టాడు. మళ్లీ మళ్లీ, మొహం మీదే. వేరే ఎక్కడా కాదు. చెంప చీలి పళ్లు కనిపించాయి.

అప్పుడు బస్సు వచ్చింది. పీపీ బాబాయి ఇంజను ఆపకుండానే దిగి పరిగెత్తుకొచ్చాడు. ఉత్త చేతులు. "బాబూ, బాబూ, ఆడమనిషి బాబూ," అంటూ వచ్చి ఆవిడ మీద అడ్డంగా పడుకున్నాడు. అంతే, ఇక వాళ్లకి ఆవిడ అక్కర్లేకపోయింది. కొత్త రాడ్లు అక్కా, షాపు స్టిక్కరు ఇంకా ఊడలేదు. తల మీద కొడితే మొదట మోగింది, తర్వాత మోగడం మానేసింది. బస్సు నిండా జనం కిటికీల్లోంచి చూస్తున్నారు. ఒక్కరూ దిగలేదు. నీ కానిస్టేబుల్ మలుపు దగ్గర ఉన్నాడు, ఆయనా చూశాడు.

నేను బయటికి పరిగెత్తాను. ఈయన గేటు మూశారు. నా చెయ్యి సందులో ఉంది. తెలిసి మూశారా, తెలియక మూశారా అని నువ్వైతే నాలుగు పేజీలు ఆలోచిస్తావు. నాకంత చెయ్యి లేదు.

పీపీ బాబాయి నిన్న పోయాడు. ఆవిడ పక్క మంచం మీదే. ఆవిడకి నోరు కుట్టేశారు, ఏడవడానికి కూడా వీల్లేదు.

స్టేషన్‌లో "గుర్తు తెలియని వ్యక్తులు" అని రాసుకున్నారు. ఎవరెవరో పేరుపేరునా చెప్పగలిగేది నేను, అత్తయ్య, సిస్టరమ్మ. కుట్లతో ఆవిడ మాట్లాడలేదు. ఇంట్లో ఈయన రెండు రోజులు నా కాళ్ల దగ్గర కూర్చుని అన్నం కలిపి పెట్టారు. మూడో రోజు గొంతు పట్టుకుని గోడకి అదిమారు. మళ్లీ అన్నం పెట్టారు. ఏది ఆయనో తెలియడం లేదు. రెండూ ఆయనేనేమో.

అత్తయ్య నిన్న నన్ను దగ్గరికి పిలిచి చెప్పింది. "వాడు గడియ తీసిన చప్పుడు నేను విన్నాను. నేను చెప్పలేనే, నేను కన్నాను. నువ్వు కనలేదుగా. నువ్వు చెప్పు."

చెల్లి


హెడ్డాఫీసు

చిన్నీ,

నీ "కాదు" అన్న ముక్క వాళ్ల ముందు చదివాను. మిగతాది చదవలేదు. మనిషి పంపి ఆ పోస్టర్లు చింపించాను. ఇప్పుడు. ఆవిడ అడిగినప్పుడు కాదు.

స్టేషన్‌కి వెళ్లు అనడానికి నాకు నోరు రావడం లేదు. వెళ్లొద్దు అనడానికి అంతకన్నా రావడం లేదు. దూరంగా కూర్చుని ఇంకో మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది. నువ్వేం చేసినా నా వైపు నుంచి దానికి రెండో ఆలోచన ఉండదు. ఆ ఇంట్లో మాత్రం ఇక ఒక్క పూట కూడా ఉండకు. నా గది తాళం పోస్టులో వేస్తున్నాను.

అక్క


సిస్టరమ్మ వాళ్ల గది,
ఊరి చివర, రెండో బస్సు ఆగే చోటు

అక్కా,

తాళం అందింది, వాడలేదు. సిస్టరమ్మకి గంజి పట్టడానికి ఒక మనిషి కావాలి, పిల్లని బడికి పంపడానికి ఒక మనిషి కావాలి, నాకు పడుకోవడానికి చోటు కావాలి. ముగ్గురం ఒకే గదిలో, ఒకళ్ల కాళ్లు ఒకళ్ల మొహంలో పెట్టుకుని పడుకుంటున్నాం. అత్తయ్యని ఆసుపత్రిలోనే చేర్చాను. అక్కడి సిస్టర్లందరినీ తిడుతోందట, బాగానే ఉన్నట్టు లెక్క.

స్టేషన్‌లో అందరి పేర్లూ చెప్పాను. చివర ఆయన పేరు. రాసుకుంటున్నవాడు కలం ఆపి, "మీవారాండీ?" అన్నాడు. "మీకు అక్షరాలు రావా?" అన్నాను. అందరినీ పట్టుకెళ్లారు. హార్డ్‌వేర్ ఆయన లోపలే ఉన్నాడు. ఈయనకీ ఇంకొందరికీ బెయిలు వచ్చింది.

ఇప్పుడు నీ సభ సంగతి. నువ్వు రాలేదు, పై వాళ్లు రావద్దన్నారని తెలిసింది. పోనీలే. సిస్టరమ్మ వస్తానని పట్టుబట్టింది. మొహం మీద కుట్లు, కట్టేమీ కట్టుకోలేదు, గాలి ఆడాలంది. హాల్లో మేం నడిచి వెళ్తుంటే జనం కుర్చీలు జరుపుకున్నారు, దారి ఇవ్వడానికో తగలకుండా ఉండటానికో. నన్ను మాట్లాడమన్నారు. ఇళ్ల గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ఎవరు ఎక్కడ నిలబడ్డారో చెప్పి కూర్చున్నాను.

తర్వాత చేతులెత్తమన్నారు.

అందరికంటే ముందు లేచిన చెయ్యి మీ మరిదిది. ఇళ్లకి ఒప్పుకుంటే కేసులో మంచిదని లాయరు చెప్పాడట. ఆయన్ని చూసి ఆడిటరుగారు, ఆయన్ని చూసి పక్కాయన. సిగ్గుతో కొందరు, నా నోటికి భయపడి కొందరు. హాలంతా చేతులే. ఇంటికి ఒక చెయ్యి కదా, మా ఇంటి తరఫున గడియ తీసిన చెయ్యే లెక్కలోకి వచ్చింది. నా కట్టు చెయ్యిని ఎవరూ లెక్కపెట్టలేదు. సిస్టరమ్మ నా చెవిలో ఒక్కొక్కటే చెప్పింది, కుట్లు లాగకుండా, పెదవులు కదపకుండా. "అది జుట్టు పట్టింది. ఆ గడియారం చెయ్యి రాడ్డుది. అదుగో, దాన్ని నేను కొరికాను, మచ్చ ఉంది చూడండి."

నెగ్గావు అక్కా. స్థలం ఇచ్చేశారు.

బస్సులో వస్తూ అడిగాను, వెళ్తావా అక్కడికి అని. "పీపీ బాబాయి పెళ్లాం వెళ్లనంది. నేను వెళ్తాను. నా కూతురికి ఇల్లు కావాలి. వాళ్లు మంచివాళ్లయ్యారని కాదు," అంది. మళ్లీ, "ఒక్కటి అడగండి మీ అక్కగారిని. నా ఇంటికి ఆ వీధి వైపు కిటికీ ఉండకూడదు. నేను అన్నం తింటూ ఆ చేతుల్ని చూడలేను. వాళ్లు నన్ను చూడకూడదు. ఇంకెప్పుడూ ఎవరూ నన్ను చూడకూడదు," అంది.

ప్లాను నీ దగ్గరుంది కదా. చూసి చెప్పు.

చెల్లి


హెడ్డాఫీసు

చిన్నీ,

చూడక్కర్లేదు. నాకు తెలుసు.

అన్ని ఇళ్లకీ కిటికీలు ఆ వీధి వైపే. ఎండ పడుతుందని ఇంజనీరు వద్దన్నాడు. రెండు వైపులవాళ్లూ పొద్దున లేస్తే ఒకళ్లకొకళ్లు కనబడాలని, అప్పుడే కలిసిపోతారని పట్టుబట్టి పెట్టించింది నేనే. ఇప్పుడు కిటికీ ఒక్కటి మార్చాలన్నా అనుమతికి మళ్లీ వెళ్లాలట. మళ్లీ అదే హాలు, మళ్లీ అవే చేతులు.

ఇది ఆవిడకి నువ్వు చెప్పకు. ఈసారి నీ చేత చెప్పించను. సాయంత్రం బస్సుకి బయల్దేరుతున్నాను, ఆఫీసులో ఎవరినీ అడగలేదు. ఆవిడ ఎదురుగా కూర్చుని నేనే చెబుతాను. తిడితే తిట్టనీ, చెయ్యి చేసుకుంటే చేసుకోనీ. నువ్వు మధ్యలోకి రాకు.

అక్క